గోడ మీది చేతి మరక: పెద్దవాళ్ల బాత్‌రూమ్‌ను ఎక్కడి నుంచి సరిచేయాలి

విజయవాడ సత్యనారాయణపురంలో మా నాన్న ఉండే ఫ్లాట్‌లో బాత్‌రూమ్ ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. గోడలకు టైల్స్ మూడడుగుల ఎత్తు వరకే ఉన్నాయి, ఆపైన తెల్ల రంగు. కమోడ్‌కు కాస్త ముందు, ఎడమ గోడ మీద, టైల్స్ అంచుకు కొంచెం పైన అరచేయంత బూడిదరంగు మరక ఒకటి ఉండేది. రంగులు వేయించినప్పుడల్లా పోయేది, రెండు మూడు నెలల్లో మళ్లీ వచ్చేది. పిల్లలెవరో చేతులు తుడిచి ఉంటారని సరిపెట్టుకునేవాళ్లం. ఆ ఇంట్లో పిల్లలు లేక పదిహేనేళ్లయింది.

కుడి గోడకు తువ్వాలు వేసుకునే రాడ్డు ఉండేది. అది కదులుతోందని నాన్న రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ మనిషిని పిలిచి బిగించాం. మూడోసారి చెప్పే అవకాశం రాలేదు. రాడ్డు గోడలోంచి ఊడి ఆయన చేతిలోకి వచ్చింది, ఆయన కమోడ్‌కూ గోడకూ మధ్య కూలబడ్డారు. అదృష్టం కొద్దీ ఎముక విరగలేదు. మోచేయి చీరుకుపోయింది. పది రోజుల పాటు బాత్‌రూమ్‌కు వెళ్లాలంటేనే భయపడి మంచినీళ్లు తాగడం తగ్గించేశారు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

మరకా, రాడ్డూ ఒకే మాట చెబుతూ వచ్చాయి. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి కమోడ్ మీద నుంచి లేచిన ప్రతిసారీ ఎడమ అరచేయి గోడకు ఆనించి, కుడిచేత్తో రాడ్డు పట్టుకుని ఒళ్లంతా పైకి లాక్కుంటున్నారు. మాకు రాడ్డు కనిపించింది కానీ చేయి కనిపించలేదు.

ఈ విషయం ఎవరి దగ్గర ఎత్తినా "యాంటీ స్కిడ్ టైల్స్ వేయించండి, రెండు రాడ్లు కొట్టించండి" అంటారు. అది కొనుగోళ్ల జాబితా. ఏ టైల్, ఏ రాడ్డు, ఏ గోడకు, ఎంత ఎత్తున అనేవి ఆ గదిని వాడే ఒంటిని బట్టి ఉంటాయి. మోకాళ్లు అరిగినవారికి కావలసింది వేరు, పక్షవాతంతో ఒక పక్క పట్టు తప్పినవారికి కావలసింది వేరు. అందుకే టేపు పట్టుకుని గదిని కొలవడానికి ముందు మనిషిని కొలవాలని నా వాదన. మంచం మీద నుంచి లేచి బాత్‌రూమ్‌కు వెళ్లి తిరిగి వచ్చేదాకా ఆయన చేయి ఎక్కడెక్కడ ఆసరా వెతుక్కుంటుందో ఒక రోజంతా గమనిస్తే చాలు, సగం పని అయిపోయినట్టే.

పడేది ఎప్పుడు?

65 ఏళ్లు దాటినవారిలో ఏటా 28 నుంచి 35 శాతం మంది కనీసం ఒకసారి పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అమెరికాలో 2008లో 15 ఏళ్లు దాటినవారిలో బాత్‌రూమ్ గాయాలతో అత్యవసర విభాగాలకు వెళ్లినవారు సుమారు 2 లక్షల 34 వేల మంది. అందులో 80 శాతానికి పైగా పడిపోయిన కేసులే. అక్కడివి పొడి నేలల బాత్‌రూమ్‌లని గుర్తుంచుకోవాలి. మన దగ్గర బాత్‌రూమ్ అంటే నాలుగు మూలలా నీళ్లు పారే గది. బయటి నుంచి రాగానే అందులోకి వెళ్లి కాళ్లు కడుక్కుంటాం, బకెట్ నిండి పొర్లినా పట్టించుకోం.

జారడం ఒక్కటే కారణమని కూడా అనుకోకూడదు. పడుకున్న మనిషి ఒక్కసారిగా లేచి నిలబడితే రక్తం కాళ్లలోకి దిగుతుంది. వయసులో ఉన్న ఒళ్లు క్షణాల్లో సర్దుకుంటుంది, పెద్దవాళ్లలో ఆ సర్దుబాటు మందగిస్తుంది. నిలబడిన మూడు నిమిషాల్లో పై బీపీ 20 పాయింట్లు గానీ, కింది బీపీ 10 పాయింట్లు గానీ పడిపోతే వైద్యులు దాన్ని ఒక సమస్యగా లెక్కిస్తారు. బీపీ మాత్రలు, ప్రొస్టేట్‌కు వాడే కొన్ని మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి, నిద్రమాత్రలు దీన్ని ఇంకా పెంచుతాయి. కొందరు మగవారికి నిలబడి మూత్రం పోసేటప్పుడే కళ్లు తిరుగుతాయి. రాత్రి రెండింటికి లేచే తాతగారిని "కూర్చునే పోసుకోండి" అని ఒప్పించడం ఏ టైల్ కన్నా చవకైన జాగ్రత్త. లేచే ముందు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, పాదాలు రెండు మూడుసార్లు ఆడించి లేవడం కూడా అంతే. తరచూ కళ్లు తిరుగుతుంటే మాత్రల చీటీ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తాపీ మేస్త్రి వల్ల తీరేది కాదది.

నేల సంగతి

విజయవాడలో కుళాయి నీళ్లు చాలని అపార్ట్‌మెంట్లలోనూ, గుంటూరులో చాలా ఇళ్లలోనూ వాడకానికి బోరు నీళ్లే దిక్కు. కుళాయి మూతి చుట్టూ తెల్లగా పేరుకునే ఉప్పు అందరం చూసేదే. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసినప్పుడు నీళ్లలో కరగని ఒక మడ్డి తయారవుతుంది. అది టైల్ మీద పలచని పొరలా పరుచుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు కనపడదు, తడిస్తే నూనె రాసినట్టు జారుతుంది. యాంటీ స్కిడ్ టైల్ గరుకులో కూడా ఈ మడ్డి నిండిపోతుంది. వేలు పోసి వేయించిన టైల్ ఏడాదికే జారుతోందని వాపోయేవాళ్లు ఒకసారి గట్టి బ్రష్‌తో, డిటర్జెంట్‌తో రుద్ది చూడాలి. చాలాసార్లు టైల్ బాగానే ఉంటుంది. వారానికోసారి రుద్ది, నిండా నీళ్లు పోసి కడిగి, వైపర్‌తో లాగేస్తే చాలు. మరకలు పోలేదని యాసిడ్ పోసి, దాని మీద బ్లీచింగ్ పౌడర్ చల్లడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

కొత్తగా వేయించేవాళ్లకు షాపులో వినిపించే మాట "ఆర్10, ఆర్11". జర్మన్ ప్రమాణాల్లో ఆర్9 నుంచి ఆర్13 వరకు ఉండే ఈ అంకెలు నూనె పూసిన వాలు మీద బూట్లు వేసుకుని నడిచి తేల్చినవి. కర్మాగారాలకు సరిపోయే పరీక్ష. బాత్‌రూమ్‌లో మనం బూట్లు వేసుకోం కదా. సబ్బు నీళ్లు పారుతున్న వాలు మీద వట్టి కాళ్లతో నడిపించి ఏ, బీ, సీ తరగతులు ఇచ్చే పరీక్ష వేరే ఉంది. ఏ తరగతికి 12 డిగ్రీల వాలు, బీకి 18, సీకి 24. స్నానం చేసే చోటుకు బీ గానీ, సీ గానీ అడగాలి. దుకాణదారు తెల్లముఖం వేస్తే చిన్న సైజు మ్యాట్ టైల్స్ తీసుకోండి. టైల్‌కూ టైల్‌కూ మధ్య కీళ్లు ఎక్కువ వస్తాయి, పాదానికి కాస్త పట్టు దొరుకుతుంది. రెండడుగుల మెరిసే టైల్ హాలుకు అందం, బాత్‌రూమ్‌కు గండం.

పండగ స్నానాల గురించి ఒక మాట. భోగినాడూ, ఉగాదినాడూ నువ్వులనూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, కుంకుడురసంతో తలంటు పోస్తాం. నూనె, కుంకుడు నురుగు రెండూ నేల మీదే ఉండిపోతాయి. తలంటు పోసుకున్నవాళ్లు జాగ్రత్తగానే వస్తారు, వాళ్ల తర్వాత వెళ్లినవాళ్లే జారతారు. మా ఇంట్లో ఇప్పుడు వరుస మార్చాం. పెద్దవాళ్ల స్నానం మొదట, నూనె ఒళ్లు తర్వాత.

గుమ్మం ముందు వేసే పాత చీర పట్టానో, పలచబడిన డోర్‌మ్యాట్‌నో తీసేయండి. తడికాలు దాని మీద పడగానే అది నున్నటి టైల్ మీద మనిషితో సహా ప్రయాణం చేస్తుంది. వేయాలనుకుంటే అడుగున రబ్బరు ఉన్నదే వేయాలి. అరిగిపోయిన హవాయి చెప్పులదీ అదే దారి.

పట్టుకునే కమ్మీ

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు మన ఘాట్లలో తడి మెట్ల దగ్గర పట్టుకోవడానికి గొట్టాల కంచెలు వేశారు. తడి రాతి మీద మనిషికి పట్టు కావాలని అక్కడ ఎవరికీ వేరే చెప్పనక్కరలేకపోయింది. పన్నెండు రోజుల స్నానానికి అంత ఆలోచించినవాళ్లం, ఏడాది పొడుగునా చేసే స్నానానికి తువ్వాలు రాడ్డును నమ్ముకుంటాం.

తువ్వాలు రాడ్డు అరకిలో గుడ్డను మోయడానికి చేసింది. గ్రాబ్ బార్ అనే పట్టుకమ్మీ పడిపోతున్న మనిషిని ఆపాలి. పడిపోతున్నప్పుడు లాగే బలం ఒంటి బరువును మించిపోవచ్చు. అమెరికా ప్రమాణాలు కమ్మీ 250 పౌండ్లు, అంటే సుమారు 113 కిలోల బలాన్ని తట్టుకోవాలంటాయి. కమ్మీకి ఆ శక్తి ఉండవచ్చు, ప్రశ్న గోడది. గుంటూరు బ్రాడీపేటలోని పాత ఇళ్లలో తొమ్మిదంగుళాల ఇటుక గోడలుంటాయి, వాటిలో లోతుగా దిగిన యాంకర్ బోల్టు నిలబడుతుంది. అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్ గోడ చాలాచోట్ల నాలుగున్నర అంగుళాలదే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం దగ్గర్లో ఉన్నందున మన చుట్టుపక్కల బూడిద ఇటుకల వాడకం ఎక్కువ. అవి గట్టివే, బోల్టును పట్టుకుంటాయి. చిక్కంతా తేలికపాటి ఏఏసీ దిమ్మెలతో. లోపలంతా గాలి బుడగలే కాబట్టి మామూలు బోల్టు బిగిస్తే చుట్టూ ఉన్న దిమ్మె పిండి అవుతుంది. వాటికి రసాయన జిగురుతో కూర్చోబెట్టే యాంకర్ కావాలి, లేదా గోడ అవతలి వైపు ఇనుప పలక పెట్టి బోల్టు ఆరపార దించాలి. మీ గోడ ఏ రకమో తెలియకపోతే రంధ్రం వేసినప్పుడు రాలే పొడి చెబుతుంది. ఎర్రగా ఉంటే మట్టి ఇటుక, ముదురు బూడిదరంగైతే బూడిద ఇటుక గానీ సిమెంటు దిమ్మె గానీ, తేలికగా తెల్లగా సుద్దపొడిలా ఉంటే ఏఏసీ. టైల్‌ను ముందుగా వేలి కణుపుతో కొట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే అక్కడ టైల్ వెనక సిమెంటు లేదని అర్థం, బోల్టు బిగించగానే పగులుతుంది.

మా ఇంటికి వచ్చిన మేస్త్రి ప్లాస్టిక్ ప్లగ్గులు పెట్టి, చెరో పక్క రెండేసి స్క్రూలు తిప్పి పావుగంటలో పని ముగించాడు. "చాలు సార్, కదలదు" అన్నాడు. "అయితే ఒకసారి పట్టుకుని వెనక్కి వేలాడండి" అన్నాను. నవ్వాడు. కమ్మీ వైపు చూశాడు, ఇంకోసారి నవ్వాడు. తర్వాత ఏమీ అనకుండా స్క్రూలు విప్పి, బండి దగ్గరికి వెళ్లి లోహపు యాంకర్ బోల్టులు తెచ్చాడు. పక్కకు మూడు చొప్పున బిగించి, రంధ్రాల్లోంచి నీళ్లు గోడలోకి దిగకుండా సిలికాన్ పూసి, ఈసారి తనే వేలాడి చూపించాడు. ఆయనది డెబ్బై అయిదు కిలోల శరీరం. పని ఒప్పుకునేటప్పుడే ఈ పరీక్ష ఉంటుందని చెబితే ఇద్దరికీ శ్రమ తగ్గుతుంది.

గోడకు గాలి పీల్చి అతుక్కునే రబ్బరు కప్పుల కమ్మీలు ఆన్‌లైన్‌లో విరివిగా అమ్ముతున్నారు. అద్దె ఇంట్లో రంధ్రాలు వేయనివ్వరని చాలామంది వాటిని తెచ్చుకుంటారు. టైల్ కీలు మీద పడితే, ఉప్పు పొర ఉంటే, గాలి మెల్లగా దిగిపోతే అవి చెప్పాపెట్టకుండా ఊడతాయి. లేనిదానికన్నా అవి ప్రమాదం. కమ్మీ లేదని తెలిసిన మనిషి జాగ్రత్తగా ఉంటాడు, ఉందనుకున్న మనిషి బరువంతా వేస్తాడు. అద్దె ఇంటివాళ్లకు కమోడ్ చుట్టూ నేల మీద నిలబడే చేతుల ఫ్రేమ్‌లు మేలు.

కమ్మీ లావు పిడికిట్లో ఇమిడేలా ఉండాలి, 32 నుంచి 40 మిల్లీమీటర్లు బాగుంటుంది. గోడకూ కమ్మీకీ మధ్య సందు 40 మిల్లీమీటర్ల దగ్గరే ఉండాలి. ఎక్కువైతే జారినప్పుడు ముంజేయి అందులో దూరి ఇరుక్కుంటుంది. అద్దంలా మెరిసేది చూడ్డానికి బాగుంటుంది గానీ సబ్బు చేతిలో నిలవదు, గరుకు పట్టీ ఉన్నది తీసుకోండి.

ఇక ఎక్కడ పెట్టాలి? అమెరికా ప్రమాణం నేల నుంచి 33 నుంచి 36 అంగుళాలు అంటుంది. అయిదడుగులు కూడా లేని మా పెద్దమ్మ కమోడ్ మీద కూర్చుంటే ఆ ఎత్తు ఆమె భుజం దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి ఆమె తనను తాను లాక్కోవాలే తప్ప కిందికి నొక్కి లేవలేదు. కూర్చున్నప్పుడు మోచేయి ఎక్కడుంటుందో, అడ్డకమ్మీ ఆ ఎత్తున ఉంటే అరచేయి నొక్కి లేవవచ్చు. దానికి కాస్త ముందు నిలువు కమ్మీ ఒకటి ఉంటే లేచిన తర్వాత నిలదొక్కుకోవడానికి పనికొస్తుంది. నాన్న విషయంలో మరక ఉన్నచోటే నిలువు కమ్మీ పెట్టించాం. కొలిచే అవసరం కూడా రాలేదు.

పక్షవాతం వచ్చినవారి ఇంట్లో ఇంకో మడత ఉంది. ఎడమ పక్క పట్టు తప్పితే కమ్మీ కుడిచేతికి అందాలి. గోడ ఎడమవైపే ఉంటే వెనక గోడకు బిగించి, అవసరమైనప్పుడు కిందికి వాల్చుకునే మడత కమ్మీ కుడి పక్కన పెట్టాలి. లోపలికి వెళ్లేటప్పుడు కుడివైపున్న గోడ, తిరిగి వచ్చేటప్పుడు ఎడమవైపు అవుతుంది. నడకదారిలో ఒక్క గోడకే కమ్మీ పెడితే వెళ్లడానికి ఆసరా, రావడానికి గాలి. ఈ చిన్న లెక్క కమ్మీలు బిగించే చాలామందికి తట్టదు, ఫిజియోథెరపిస్టుకు తడుతుంది. ఒకసారి ఇంటికి పిలిపించి చూపించడానికి అయ్యే రుసుము వృథా పోదు.

కూర్చోవడం, లేవడం

నేల మీద బిగించే మామూలు కమోడ్ ఎత్తు 15, 16 అంగుళాల దగ్గర ఉంటుంది. మోకాళ్లు అరిగినవారికి అది చాలా కిందికి. భవనాలు దివ్యాంగులకూ వృద్ధులకూ అనువుగా ఉండాలని మన దేశంలో రూపొందించిన సుగమ్యత మార్గదర్శకాలు 450 నుంచి 480 మిల్లీమీటర్లు, అంటే 18, 19 అంగుళాలు సూచిస్తున్నాయి. ఇక్కడా మనిషినే కొలవాలి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాలి మడత కన్నా సీటు ఒక అంగుళమో రెండో పైకి ఉండాలి. గోడకు వేలాడే కమోడ్ కొత్తగా పెట్టించేటప్పుడు ఎత్తు మన ఇష్టం. ఉన్నదాన్ని మార్చలేనివాళ్లు కమోడ్ మీద మరలతో బిగించే ఎత్తు సీటు కొనుక్కోవచ్చు. ఊరికే పైన పెట్టేది కొనవద్దు, పక్కకు ఒరిగినప్పుడు అది మనిషితో పాటే వస్తుంది.

గుంటూరులో పెద్దమ్మ ఇంట్లో ఒక తమాషా జరిగింది. కమోడ్ ఎత్తు పెంచమంటే మేస్త్రి దాని కింద నాలుగంగుళాల గట్టు కట్టాడు. బాగానే ఉంది. అయితే గట్టును చక్కగా అడుగున్నర ముందుకు తెచ్చి టైల్స్ కూడా అంటించాడు. కమోడ్ నాలుగంగుళాలు పైకి వెళ్లింది, పెద్దమ్మ పాదాలు కూడా నాలుగంగుళాలు పైకి వెళ్లాయి. మోకాళ్లకు పాత కష్టం అలాగే ఉంది, దిగడానికి కొత్త మెట్టు ఒకటి వచ్చి చేరింది. గట్టు కమోడ్ పాదం మేరకే ఉండాలి, కాళ్లు నేల మీద ఉండాలి. మొత్తం పగలగొట్టి మళ్లీ కట్టించాల్సి వచ్చింది.

నేల మరుగుదొడ్డే ఉన్న ఇళ్లలో నడిమధ్య రంధ్రం ఉన్న స్టూలును దాని మీద పెట్టుకుంటారు. మంచి ఉపాయమే. నాలుగు కాళ్లకూ రబ్బరు తొడుగులు ఉన్నాయా, కాళ్లు నాలుగూ ఒకే మట్టాన ఆనుతున్నాయా అని నెలకోసారి చూసుకోవాలి.

స్నానానికి మనవాళ్లు పీట మీద కూర్చుంటారు. పీట ఆరంగుళాల ఎత్తు, అక్కడి నుంచి లేవడం అంటే బస్కీ తీసినట్టే. పీట మానేయమంటే వెంటనే హాల్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేస్తారు. దాని కాళ్లు నున్నగా ఉంటాయి, తడి టైల్ మీద బరువు పడగానే బయటికి విచ్చుకుంటాయి. పెళ్లిళ్లలో కుర్చీ కాలు విరిగి పడ్డవాళ్లను చూసి నవ్వుతాం, అదే సంగతి ఇక్కడ. అల్యూమినియం కాళ్లకు రబ్బరు తొడుగులు, చేతులు, ఎత్తు మార్చుకునే వీలు ఉన్న స్నానపు కుర్చీలు మందుల సామగ్రి అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. సూర్యారావుపేటలో ఆసుపత్రుల మధ్య తిరిగితే కనిపిస్తాయి. కూర్చున్న చేతికి అందేలా గొట్టం ఉన్న హ్యాండ్ షవర్ పెట్టండి. బకెట్, మగ్గు లేకపోతే స్నానం చేసినట్టే ఉండదనేవారికి బకెట్‌ను ఇంకో గట్టి స్టూలు మీద, తొడల ఎత్తున పెట్టండి. వంగడమే ముప్పు, మగ్గు కాదు.

గీజర్‌ను 50 డిగ్రీలు దాటనివ్వకండి. 60 డిగ్రీల నీళ్లు అయిదు సెకన్లలో చర్మాన్ని లోతుగా కాలుస్తాయి. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి ఆ అయిదు సెకన్లు తెలియవు కూడా. బకెట్‌లో హీటర్ రాడ్డు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మానేయడం మంచిది. గీజరైనా రాడ్డైనా ఆ లైనుకు 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, తప్పనిసరి.

తలుపు, వెలుతురు

లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడితే, ఒళ్లే అడ్డుపడి తలుపు తెరుచుకోదు. బయట ఇంటిల్లిపాదీ నిలబడి కొడుతుంటారు. తలుపును బయటికి తెరుచుకునేలా తిప్పించడం వడ్రంగికి ఒక పూట పని. గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది కావాలి. ఇంకా మంచిది, పెద్దవాళ్లు గడియ వేసుకోకుండా ఉండటం. గుమ్మానికి ఒక గంట వేలాడదీసి, లోపల ఉన్నారని తెలిసేలా చేయవచ్చు. లోపల నేల నుంచి అడుగు ఎత్తున ఒక వైర్‌లెస్ కాలింగ్ బెల్ అంటించండి. పడిన మనిషి చేయి నాలుగడుగుల ఎత్తున్న స్విచ్‌ను అందుకోలేదు.

స్విచ్‌లు సాధారణంగా బాత్‌రూమ్ బయటే ఉంటాయి, చీకట్లో తడుముకోవాలి. మంచం నుంచి కమోడ్ దాకా నేల దగ్గర రెండు మూడు చిన్న సెన్సర్ దీపాలు చాలు. ఇన్వర్టర్ పెట్టించినప్పుడు ఎలక్ట్రీషియన్ హాలుకు, పడకగదికి లైను ఇచ్చి బాత్‌రూమ్‌ను వదిలేస్తాడు. వేసవి రాత్రి కరెంటు పోయినప్పుడు ఆ పొదుపు తెలుస్తుంది. తెల్ల టైల్స్ మధ్య తెల్ల కమోడ్ శుక్లాలున్న కంటికి కరిగిపోయినట్టుంటుంది. ముదురు రంగు సీటు మార్చండి, గుమ్మం గట్టు అంచుకు ఒక రంగు పట్టీ వేయండి.

చక్రాల కుర్చీ అయితే

ఇక్కడ లెక్క పూర్తిగా మారుతుంది. కుర్చీ పూర్తిగా తిరగాలంటే 1500 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చోటు కావాలి. 2021లో కేంద్రం విడుదల చేసిన సుగమ్యత మార్గదర్శకాలు అలాంటి మరుగుదొడ్డికి కనీసం 2.2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 900 మిల్లీమీటర్ల ద్వారం సూచించాయి. మన ఏడు నాలుగుల గదిలో వెడల్పే 1.2 మీటర్లు. గోడ పగలగొట్టకుండా అది కుదరదు. రెండున్నర అడుగుల తలుపు ఉన్నచోట రెక్క మందం, చట్రం పోగా దొరికే దారి 27 అంగుళాలు ఉంటే గొప్ప.

అయినా దారి ఉంది. చక్రాలున్న స్నానపు కమోడ్ కుర్చీ ఒకటి దొరుకుతుంది, మధ్యలో రంధ్రం ఉంటుంది. మంచం దగ్గరే ఒక్కసారి దానిలోకి మారితే, అలాగే తోసుకెళ్లి కమోడ్ మీదుగా వెనక్కి నిలపవచ్చు, అదే కుర్చీలో స్నానమూ చేయించవచ్చు. కుర్చీ నుంచి కమోడ్‌కు, కమోడ్ నుంచి స్టూలుకు, మళ్లీ కుర్చీకి ఎత్తి దించే అవస్థ తప్పుతుంది. ఆ మార్పుల దగ్గరే ఎక్కువగా పడతారు, ఎత్తేవాళ్ల నడుములు పోయేదీ అక్కడే. కొనే ముందు రెండు కొలతలు తప్పనిసరి. కుర్చీ వెడల్పు తలుపులో పడుతుందా, సీటు కింది ఎత్తు కమోడ్ మీదుగా వెళుతుందా. గుమ్మం దగ్గర గట్టు ఉంటే చిన్న వాలు కట్టించాలి.

ప్రభుత్వం నుంచి ఏమొస్తుంది అని అడుగుతారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలు వచ్చిపోయే భవనాల గురించే ప్రధానంగా మాట్లాడుతుంది. ఆ చట్టం కింది నిబంధనలు సలహాల్లా ఉన్నాయే తప్ప ఆదేశాల్లా లేవని 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమంది. మన ఇంటి బాత్‌రూమ్ లోపలికి మాత్రం ఏ చట్టమూ రాదు. ఆదాయం తక్కువగా ఉన్న 60 ఏళ్లు దాటినవారికి చక్రాల కుర్చీలు, వాకర్లు, కమోడ్ కుర్చీల వంటివి ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది, 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. వివరాలకు వృద్ధుల సహాయవాణి 14567కు ఫోన్ చేయవచ్చు.

ఎవరైనా పడితే వెంటనే చంకల కింద చేతులు పెట్టి లేపకండి. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగినట్టు కనిపిస్తే తుంటి ఎముక విరిగి ఉండవచ్చు. ఉన్నచోటే దుప్పటి కప్పి 108కు ఫోన్ చేయండి.

వీటన్నిటికన్నా కష్టమైనది ఒప్పించడం. కమ్మీ మాట ఎత్తగానే నాన్న, "ఇది ఆసుపత్రా? నాకేమైందని?" అన్నారు. బంధువులు చూస్తే ఏమనుకుంటారన్నది ఆయన బాధ. నేను వాదించలేదు. తువ్వాలు రాడ్డు ఊడిన చోట రంధ్రాలు అసహ్యంగా ఉన్నాయి, అక్కడ గట్టి రాడ్డు వేయిద్దాం అన్నాను. దానికి అభ్యంతరం చెప్పలేదు. ఇప్పుడు దాని మీద తువ్వాలు కూడా వేస్తున్నారు. వేసుకోనివ్వండి, చేయి పట్టే మేరకు ఖాళీ ఉంటే చాలు.

సంక్రాంతికి మళ్లీ రంగులు వేయించాం. బాత్‌రూమ్ లోపలి గోడ తెల్లగానే ఉంది. గత వారం వెళ్లినప్పుడు గుమ్మం బయట, స్విచ్‌బోర్డు పక్కన, భుజం ఎత్తున లేత బూడిదరంగు మచ్చ కనిపించింది. గట్టు దాటేటప్పుడు అక్కడ చేయి ఆనుతోంది. మేస్త్రికి ఫోన్ చేశాను. "ఈసారి కూడా వేలాడాలా సార్?" అని అడిగాడు.